తెర నల్లబడితే ఫార్మాట్ చేయొద్దు

"సార్, కంప్యూటర్ పోయింది!" అంటూ ప్లస్ టూ పిల్లాడు పరుగెత్తుకొచ్చాడు. ల్యాబ్‌కి వెళ్లి చూస్తే తెరంతా నలుపు. పైన ‘లాగిన్’ అన్న ఒక్క మాట. అర్ధ సంవత్సర పరీక్షలకు మా టీచర్లు తెలుగులో టైపు చేసుకున్న ప్రశ్నపత్రాలన్నీ అందులోనే ఉన్నాయి. మరమ్మతుకు వచ్చినాయన "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నాడు. ఆగమన్నాను.

మా ల్యాబ్‌లో ఉన్నది ఉబుంటు. కొత్త పైథాన్ వేసుకోవాలంటే పాతది తీసేయాలనుకుని, పిల్లాడు ముందురోజు ‘సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3’ అని కొట్టాడు. పాస్‌వర్డ్ చెప్పింది నేనే, తప్పులో నాకూ వాటా ఉంది. ఉబుంటులో చాలా పనిముట్లు పైథాన్ మీద ఆధారపడతాయి. దూలం లాగేస్తే వాసాలు నిలవనట్టు, దాంతోపాటు డెస్క్‌టాప్ కూడా పోయింది. పోయింది కిటికీలు, బొమ్మలు చూపే భాగమే. మనం దాచుకున్న ఫైళ్లను ఆప్ట్ ముట్టుకోదు.

మీ బడిలో ఇలా జరిగితే వరుసగా ఇలా చేయండి. ఆదేశాలన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

లాగిన్ మాట కూడా కనబడకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కండి. పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద ఏమీ కనబడదు, కంగారుపడొద్దు. ‘ఎల్ఎస్’ కొడితే మీ ఫోల్డర్ల పేర్లు వస్తాయి.

ఏం పోయిందో తెలియాలంటే ‘లెస్ /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్’ తెరవండి. ఏ రోజు, ఏ ఆదేశంతో, ఏయే ప్యాకేజీలు తీసేశారో అందులో ఉంటుంది. చూశాక ‘క్యూ’ నొక్కి బయటికి రండి.

నెట్ ఉంటే ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్’ కొట్టండి. అయ్యాక ‘సుడో రీబూట్’. నెట్ లేకపోతే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి, ‘ట్రై ఉబుంటు’ ఎంచుకుని, ముందు ఫైళ్లను వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

అప్పటికీ నల్లతెరే వస్తే ‘సిస్టమ్‌సీటీఎల్ గెట్-డిఫాల్ట్’ కొట్టండి. ‘గ్రాఫికల్.టార్గెట్’ అని రావాలి. ‘మల్టీ-యూజర్.టార్గెట్’ అని వస్తే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ సెట్-డిఫాల్ట్ గ్రాఫికల్.టార్గెట్’ అని మార్చి రీబూట్ చేయండి. ఏ ప్యాకేజీ తీయకుండానే ఈ తంటా వచ్చిందంటే ‘డీఎఫ్ -హెచ్’ చూడండి. డిస్కు నిండినా డెస్క్‌టాప్ తెరుచుకోకపోవచ్చు.

అసలు మందు ముందు జాగ్రత్తే. తీసేసే ముందు ఏమేం పోతాయో ఆప్ట్ జాబితా చూపించి ‘వై’ నొక్కమంటుంది. ఒకటి తీయబోతే పదులకొద్దీ పేర్లు వస్తే ‘ఎన్’ నొక్కేయాలి. పాత పైథాన్‌ను కదపకుండానే పక్కన కొత్తది పెట్టుకోవచ్చు.

మా ప్రశ్నపత్రాలు ఒక్కటీ పోలేదు. ఇప్పుడవి పెన్‌డ్రైవ్‌లోనూ ఉన్నాయి. ఆ పిల్లాడు ‘వై’ నొక్కే ముందు జాబితా పైకి చదువుతాడు. పాస్‌వర్డ్ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.