రాత్రి రెండు గంటల నకలు

మన భివండీలో సాంచాల మోత ఎరుగనివారు లేరు. ఆ మోత వెనుక మూలగదిలో కూర్చుండి తాకాలు లెక్కించి, మీటర్లు వ్రాసి, పగారు కట్టే గుమాస్తాను మాత్రము ఎవరును తలచుకొనరు. నేనా జాతివాడనే.

మా కార్ఖానా లెక్కలన్నియు ఇప్పుడు కంప్యూటరులోని డేటాబేసులో ఉన్నవి. ప్రతిరాత్రి రెండు గంటలకు దానంతటదే వేరొక డిస్కుపై నకలు తీయునట్లు ఒక కుర్రవాడు ఏర్పాటు చేసి పోయినాడు. నేను నిశ్చింతగా ఉంటిని. నాలుగు నెలల తరువాత, పగారుకు రెండు రోజులు ముందు, అసలు డిస్కు చెడిపోయినది. నకలు తెరిచి చూతును గదా, మొదటిరోజు పరీక్షకు తీసినదే కడపటిది! సాయంకాలము ఇంటికి పోవుచు ఆఫీసు మెయిన్ స్విచ్చి ఆర్పుచున్నది నేనే. ఆరిపోయిన యంత్రము రెండు గంటలకు ఏమి చేయగలదు?

పనివారు తమ చిన్న పుస్తకములలో వ్రాసుకొన్న మీటర్లే మమ్ము కాపాడినవి. చదువురాని ఒక పాలమూరు ముసలాయనకు పుస్తకము లేదు. ఆయనకు అందాజుగా కట్టితిమి. "నీవు వ్రాసినావు గద, మెహతా" అన్నాడాయన. నాకు నోట మాట రాలేదు.

ఇది చిన్నవారి కర్మ అనుకొనరాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను పెద్ద సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసును చెరిపివేసెను. చూడగా, రోజూ నకలు తీయవలసిన పోస్ట్‌గ్రెస్ పనిముట్టు పాత వెర్షనుది కావడమున పని విఫలమగుచున్నదట. ఆ సంగతి తెలుపు ఈమెయిళ్లు కూడ ఎవరికిని చేరలేదు. అదృష్టవశమున ఆరు గంటల క్రిందటి నకలొకటి వేరొకచోట దొరికినది.

ఇప్పుడు మా నకలు మధ్యాహ్నము భోజనవేళ నడచును. ఆ వేళ కరెంటు పోయినచో, విండోస్ టాస్కు షెడ్యూలరులో తప్పిన పనిని వీలైనంత త్వరగా నడుపుమను గుర్తు పెట్టితిని. మొదట అది పెట్టి ఉండదు, మనమే పెట్టవలెను. పని జరుగుచుండగా డేటాబేసు ఫైలును ఊరక కాపీ చేసినచో సగము పాతది, సగము క్రొత్తది వచ్చును. మాది మై-ఎస్‌క్యూఎల్ గనుక దాని మైఎస్‌క్యూఎల్‌డంపు చేతనే తీయించుచున్నాను.

ఒక నకలు నా యింటికి వచ్చును. 2005 జూలై 26న శాంతాక్రూజులో ఒక్కరోజున 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు ఠాణా జిల్లాలో నీరెక్కడెక్కడ దూరినదో చూచినవాడను. అసలును నకలును ఒకే బల్లపై ఎట్లుంచుదును?

ఆదివారము పాత కంప్యూటరులో ఆ నకలు తెరిచి, ముందుగా ఆ ముసలాయన మీటర్లు చూతును.