మాల తీసిన మర్నాడు

కార్తీక మాసం వస్తే తెలుగు ఊళ్లలో నల్లబట్టల స్వాములు కనిపించడం మొదలవుతుంది. వాళ్లలో కొందరిని చూసి వీధి వీధంతా ఆశ్చర్యపోతుంది. మొన్నటిదాకా పొద్దు గూకితే బెల్టు షాపు దగ్గరో, వైన్స్ పక్కన పర్మిట్ రూములోనో తేలే మనిషి, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేసి, విభూతి పెట్టుకుని శరణుఘోష చెబుతుంటాడు. మండలం పాటు, అంటే 41 రోజులు, చుక్క ముట్టడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక మాత్రం అలాంటివాళ్లలో చాలామంది మళ్లీ పాత చోటికే చేరతారు. "మనసుంటే మానలేడా? దేవుడికి భయపడ్డాడు గానీ పెళ్లాం బిడ్డల మీద జాలి లేదు" అని చుట్టాలు తీర్పు చెప్పేస్తారు.

అడగాల్సిన ప్రశ్న అది కాదు. రోజూ తాగే మనిషి ఆ 41 రోజులు ఎలా ఆగగలిగాడు?

దీక్షలో ఏం జరుగుతుందో చూస్తే జవాబు కొంత దొరుకుతుంది. లేచే వేళ మారుతుంది. తిండి, పడక మారతాయి. చుట్టూ ఉండే మనుషులు మారతారు; గురుస్వామి ఉంటాడు, తోటి స్వాములు ఉంటారు. చేతులు మందు కోసం వెతుక్కునే సాయంత్రం వేళ భజనతోనో, ఎవరింట్లోనో జరిగే పడిపూజతోనో నిండిపోతుంది. అన్నిటికంటే పెద్ద మార్పు పిలుపులో వస్తుంది. నిన్నటిదాకా "తాగుబోతు" అనిపించుకున్నవాణ్ని భార్య, కొడుకు, మేస్త్రీ, కిరాణా కొట్టు యజమాని అందరూ "స్వామీ" అంటారు. గ్లాసు అందించే స్నేహితులు కూడా, మాలలో ఉన్నాడని, బలవంతం చేయరు. వద్దని చెప్పడానికి అతను సాకులు వెతుక్కోనక్కర్లేదు. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. మిగిలేది పాత సాయంత్రం, పాత సావాసం, పాత పేరు.

వ్యసనంలో మత్తు పదార్థం పాత్ర ఎంత, మనిషి చుట్టూ ఉన్న జీవితం పాత్ర ఎంత అన్న ప్రశ్నకు, ఎవరూ కోరుకోని రీతిలో, వియత్నాం యుద్ధం ఒక జవాబు ఇచ్చింది. 1971లో అక్కడి అమెరికా సైనికుల్లో హెరాయిన్ విపరీతంగా పాకిందని తెలిసి వాషింగ్టన్ కలవరపడింది. వేలమంది బానిసలు తిరిగొచ్చి నగరాల మీద పడతారని భయం. తిరిగొచ్చిన సైనికులను కలిసి వివరాలు రాబట్టే బాధ్యత సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన లీ రాబిన్స్‌కు అప్పగించారు. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు అక్కడ తాము మత్తుకు బానిసయ్యామని చెప్పారు. అలా చెప్పినవారిలో, ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవారు సుమారు 5 శాతమే. మిగతావారిలో చాలామంది చికిత్స కూడా తీసుకోలేదు. ఈ ఫలితం ఎంత వింతగా తోచిందంటే, రాబిన్స్‌ను నమ్మనివాళ్లు ఏళ్ల తరబడి ఉన్నారు.

హెరాయిన్ బలహీనమైనదని దీని అర్థం కాదు. యుద్ధభూమిలోని భయం, విసుగు, ఒంటరితనం, చేతికందే చౌక సరుకు, పక్కవాడూ అదే పని చేయడం, ఇవన్నీ విమానం దిగేసరికి వెనక ఉండిపోయాయి. మన ఊళ్లో తాగే మనిషికి దిగడానికి అలాంటి విమానం లేదు. డీ అడిక్షన్ కేంద్రంలో నెల రోజులు ఉండి వచ్చినా, ఆటో దిగేది అదే సందు మొదట్లో.

ఆ సందుకు ఎంత బలముందో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త షెపర్డ్ సీగల్ 1982లో ఎలుకల మీద చూపించాడు. కొన్ని ఎలుకలకు రోజుల తరబడి ఒకే చోట హెరాయిన్ ఇస్తూ మోతాదు పెంచాడు. తర్వాత అన్నిటికీ ఒకే పెద్ద మోతాదు ఇచ్చాడు. అలవాటైన చోట ఇచ్చినప్పుడు దాదాపు మూడో వంతు చచ్చిపోతే, కొత్త చోట ఇచ్చినప్పుడు దాదాపు మూడింట రెండు వంతులు చచ్చిపోయాయి. మందు అదే, మోతాదు అదే. పాత చోటును గుర్తుపట్టిన శరీరం, మత్తు రాకముందే దాన్ని తట్టుకునేందుకు సిద్ధమైపోయింది. మనిషి శరీరమూ అలాగే సిద్ధమవుతుంది. శనివారం సాయంత్రం బట్వాడా అందుకుని, చేతిలో డబ్బు తడి ఆరకముందే వైన్స్ బోర్డు కనిపిస్తే, ఇంకా ఏమీ తాగకుండానే ఒళ్లంతా దాన్ని అడుగుతుంది. "ఈ పూట తాగకూడదు" అన్న నిర్ణయం అక్కడ బలహీనపడుతుంది.

అసలు మొదలెందుకవుతుంది? వంశపారంపర్యం కొంత ఉంది; మద్యానికి బానిసయ్యే ముప్పులో దాదాపు సగం జన్యువుల వాటా అని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మిగతా సగంలో బాల్యానికీ వాటా ఉంది. కాలిఫోర్నియాలో జరిపి విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ అండా 1998లో ప్రచురించిన అధ్యయనం, చిన్ననాడు కొట్టించుకున్నవాళ్లు, లైంగిక హింసకు గురైనవాళ్లు, ఇంట్లో తాగుడునూ తల్లి మీద దెబ్బలనూ చూస్తూ పెరిగినవాళ్లు పెద్దయ్యాక మద్యం, డ్రగ్స్ వైపు వెళ్లే ప్రమాదం చాలా ఎక్కువని చూపింది. తండ్రి తాగుడు కొడుక్కి రక్తంలోనూ వస్తుంది, రాత్రి పూట గోడ వెనక నుంచి వినిపించిన కేకల్లోనూ వస్తుంది.

నిద్ర పట్టనివాడు నిద్ర కోసం తాగుతాడు. మూటలు మోసి నడుం విరిగినవాడు నొప్పి కోసం తాగుతాడు. దిగులు జబ్బు ఉన్నవాడు, దానికో పేరుందని కూడా తెలియక, దాన్ని మందులో ముంచుతాడు. భయంగా ఉందని మగవాడు మామూలుగా చెబితే నవ్వే స్నేహితులే, రెండు పెగ్గుల తర్వాత చెబితే భుజం మీద చేయి వేసి వింటారు. ఏడవడానికి అనుమతి దొరికే చోటు అదొక్కటే అయినప్పుడు మనిషి అక్కడికే వెళతాడు. కొన్నాళ్లకు మందే కొత్త దిగులు తెస్తుంది. పొద్దున్నే టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకోలేక, తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని వంగి తాగే దశ వస్తుంది. ఆ వణుకు తగ్గడానికి పనికి వెళ్లేముందే ఒక నైంటీ వేస్తాడు. అప్పటికి సరదా అన్నది ఎప్పుడో పోయింది.

ఇక సమాజం సంగతి. 1980లలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సారా "వారుణి వాహిని" పేరుతో ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది. ఖజానాకు ఆదాయం, గుత్తేదారుకు లాభం, కూలికి అప్పు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు దిద్దడానికి రాత్రి బడిలో కూర్చున్నప్పుడు ఆ మాట బయటపడింది. అప్పటిదాకా ఎవరింటి తాగుడు వారింటి గుట్టు. అందరిదీ ఒకే కథ అని తెలిశాక అది ఊరి సమస్య అయింది. 1992లో వర్ధినేని రోశమ్మ లాంటి సాధారణ స్త్రీలు ముందు నిలిచిన సారా ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ మద్యనిషేధాన్ని ఎత్తేశారు. ఆ స్త్రీల పోరాటం ఎంత గొప్పదో, తాగుడుకు అలవాటుపడ్డ మగవాళ్లకు చికిత్స గురించి ప్రభుత్వాలు ఆలోచించకపోవడం అంత పెద్ద లోపం.

ఆ లోపం తర్వాత కూడా మనుషుల ప్రాణాల మీదికి తెచ్చింది. తెలంగాణలో కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం లాంటి మత్తుమందులు కలపడం పాత దందా. 2015 సెప్టెంబరులో కల్లు దుకాణాల మీద దాడులు పెరిగి కల్తీ ఆగేసరికి, నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో జనం ఆసుపత్రులకు పరుగెత్తారు. తాము కల్లు తాగుతున్నామనే అనుకున్నారు. ఒళ్లు మాత్రం మాత్రలకు అలవాటుపడింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలన్నీ మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలాంటివాళ్లు మళ్లీ పోటెత్తారు. అదే ఏడాది ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. దుకాణం మూసినంత మాత్రాన లోపలి అవసరం మూతపడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు హఠాత్తుగా మానితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం పోయే స్థితీ రావచ్చు. మాల వేసుకునే ముందైనా, ఒట్టు పెట్టుకునే ముందైనా డాక్టరును కలవాలి. దానికి మందులున్నాయి. కూరలో గుట్టుగా "మానిపించే మాత్ర" కలపడం మాత్రం ప్రమాదం. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మందు తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పైగా తెలిసిన రోజున ఇంటి మీద నమ్మకం పోతుంది. "పెళ్లి చేస్తే బాగుపడతాడు" అన్న వైద్యం ఇంకా దారుణం. ఆ జబ్బు బరువు ఏమీ తెలియని ఒక ఆడపిల్ల మీద పడుతుంది.

ఎయిమ్స్ నిపుణులు చేసి 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్లమంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్లమందికి సాయం అవసరం. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఏదో ఒక సాయం అందినవాడు ఒక్కడే. మిగతా 37 మందికి దొరుకుతున్నది ఉపదేశం.

భర్తను తాగుడు వల్ల పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో చికిత్సా కేంద్రం ప్రారంభించారు. అక్కడ రోగితో పాటు కుటుంబాన్నీ కూర్చోబెడతారు, ఎందుకంటే ఏళ్ల అబద్ధాలతో, అప్పులతో ఇల్లూ దెబ్బతిని ఉంటుంది. తర్వాత తమిళనాడు పల్లెల్లో ఆ సంస్థ శిబిరాలు పెట్టింది. రోగిని దూరంగా తీసుకెళ్లి బాగుచేసి తిరిగి పంపే బదులు, అతను రేపు బతకాల్సిన ఊళ్లోనే, ఆ ఊరి పెద్దల సాయంతో చికిత్స జరిగింది. ఐస్‌లాండ్ ఇంకో దారి పట్టింది. 1998లో అక్కడి 15, 16 ఏళ్ల పిల్లల్లో గడిచిన నెలలో ఒక్కసారైనా తాగి మత్తులో మునిగినవారు 42 శాతం. పిల్లలకు ఆటలు, సంగీతం అందుబాటులోకి తెచ్చి, రాత్రి వేళ బయట తిరగడాన్ని అదుపుచేసి, తల్లిదండ్రులు పిల్లలతో ఎక్కువసేపు గడిపేలా చూశాక, 2016 నాటికి అది 5 శాతానికి తగ్గింది.

మన దగ్గర ఇంత పెద్ద కార్యక్రమం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. జాతీయ డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేదు; తాగే మనిషే కాదు, ఇంట్లోవాళ్లూ చేయొచ్చు. మానిన మనిషి ఇంటికొచ్చాక కూలి డబ్బు శనివారం చేతికి ఇవ్వకుండా బ్యాంకు ఖాతాలో వేయమని మేస్త్రీని అడగొచ్చు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అతనికి ఒక పనో, తోడో ఉండేలా చూడొచ్చు. మధ్యలో ఒకరోజు మళ్లీ తాగితే, షుగర్ పెరిగిన రోగిని తీసుకెళ్లినట్టే, తిట్టకుండా మర్నాడు మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.