డిజీకామ్ కొంటున్నారా? మెగాపిక్సెల్స్ పక్కన పెట్టి ఈ అయిదు టెస్టులు చేయండి

"అన్నయ్యా, సెకండ్ హ్యాండ్‌లో ఒక డిజీకామ్ దొరికింది. ఏడు వేలంట. 20 మెగాపిక్సెల్స్. కొనెయ్యనా?"

పోయిన నెల మా చెల్లి ఫోన్ చేసి అడిగింది. ఆ ఏడు వేలు తన ఇంటర్న్‌షిప్ మొదటి స్టైపెండ్‌లో మిగుల్చుకున్నవి. అందుకే నోటికొచ్చింది చెప్పడానికి మనసు రాలేదు. "నీ ఫోనే బెటర్, దండగ" అనడం ఈజీ. కానీ అది నిజమో కాదో నేనూ ఎప్పుడూ టెస్ట్ చేసి చూడలేదు.

ఇంట్లో బీరువాలో అలాంటి పాత కెమెరానే ఒకటి ఉంది. పది రోజుల్లో తెనాలిలో పిన్ని కూతురి పెళ్లి. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. తప్పకుండా కావాల్సిన పది ఫొటోల లిస్టు రాసుకోవాలి. అవే పది, నేను కెమెరాతో, తను ఫోన్‌తో తియ్యాలి. ఎన్ని వచ్చాయో చూశాకే కొనాలా వద్దా అన్నది.

రిజల్ట్ ముందే చెప్పేస్తా. ఫోన్‌కి 8, కెమెరాకి 6. కానీ ఫోన్‌కి దొరకని ఆ రెండూ కెమెరాకి దొరికాయి. అసలు కథ అక్కడే ఉంది.

అన్ని బడ్జెట్ కెమెరాలకీ ఒకటే గుండె

మా కెమెరా మోడల్ కంటే దాని తరగతి ముఖ్యం. సోనీ డబ్ల్యూ800, కానన్ ఇక్సస్ 185, ఇప్పటికీ కొత్తగా దొరికే కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్55, వీటన్నింటిలో ఉండేది 1/2.3 అంగుళాల సెన్సరే. అంటే సుమారు 6.17 మి.మీ. వెడల్పు, 4.55 మి.మీ. ఎత్తు. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. మొదటి రెండింటిలో సీసీడీ, కొడాక్‌లో సీమాస్. సైజు మాత్రం ఒకటే.

ఈ కెమెరాల మీద మోజు ఎంత పెరిగిందంటే, 2016లో వచ్చిన పవర్‌షాట్ ఎల్ఫ్ 360 హెచ్ఎస్‌ని కానన్ 2025లో చిన్న చిన్న మార్పులతో మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. అంటే కొత్తది కొన్నా, పాతది కొన్నా మీరు కొనేది దాదాపు పదేళ్ల నాటి టెక్నాలజీనే. దాన్ని ఆ లెక్కలోనే చూడాలి.

ఫోన్ ఎందుకు గెలిచింది?

చిన్న లెక్క వేద్దాం. ఈ తరగతిలో డబ్ల్యూ800, ఇక్సస్ 185 లాంటి వాటి లెన్సులు వైడ్‌లో ఎఫ్/3.2 దగ్గర మొదలవుతాయి. మామూలు మిడ్‌రేంజ్ ఫోన్‌లో ఎఫ్/1.8 లెన్స్, 1/1.56 అంగుళాల సెన్సర్ ఉన్నాయనుకోండి. లెన్స్ వల్లే మూడు రెట్ల కాంతి తేడా. సెన్సర్ వైశాల్యం వల్ల ఇంకో 1.8 రెట్లు. రెండూ కలిస్తే ఫోన్‌కి అయిదు రెట్లకు పైగా కాంతి అందుతుంది. దానికి తోడు ఫోన్ నాలుగైదు ఫ్రేములు తీసి వాటిని కలిపి నాయిస్ తగ్గిస్తుంది. పాత కెమెరాకి ఆ తెలివి లేదు.

ఇక జూమ్ చేస్తే పరిస్థితి ఇంకా కష్టం. ఫుల్ జూమ్‌లో లెన్స్ ఎఫ్/6.4, ఎఫ్/6.9 దాకా పడిపోతుంది. ఎఫ్/3.2 నుంచి ఎఫ్/6.4కి వస్తే కాంతి నాలుగో వంతే మిగులుతుంది. అదే సమయంలో చెయ్యి వణుకు జూమ్‌తో పాటే పెద్దదవుతుంది. 130 మి.మీ. జూమ్‌లో స్టెబిలైజేషన్ లేకుండా షార్ప్ ఫొటో రావాలంటే కనీసం 1/125 సెకను షట్టర్ స్పీడ్ కావాలి. రాత్రి ఫంక్షన్ హాల్లో అది అయ్యే పని కాదు.

నాకు అక్కడే దెబ్బ పడింది. ముహూర్తానికి ముందు హాల్లో వెనక వరసలో అమ్మమ్మ కునికిపాట్లు పడుతోంది, ఒళ్లో అక్షింతల పళ్లెం. స్టేజీ దగ్గర నుంచి ఫుల్ జూమ్‌లో తీశాను. స్క్రీన్ మీద బాగానే కనిపించింది. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో చూస్తే ముఖం మొత్తం చెదిరిపోయింది. ఆ చిన్న డిస్‌ప్లేని చూసి ఫొటో వచ్చిందని ఎప్పుడూ నమ్మకండి.

అప్పగింతల ఫొటో కూడా పోయింది. అందరూ ఏడుస్తుంటే ముఖాల మీద ఫ్లాష్ కొట్టబుద్ధి కాలేదు, ఫ్లాష్ లేకుండా ఏమీ రాలేదు. డాబా మీద సీరియల్ లైట్ల ముందు తీసిన గ్రూప్ ఫొటోలో మనుషులు వచ్చారు, లైట్లు చీకట్లో కలిసిపోయాయి.

అన్నింటికంటే బాధపెట్టింది జీలకర్ర బెల్లం. తెర దించే ముందు ఊరికే ఒక టెస్ట్ షాట్ తీశాను. సరిగ్గా తెర దించిన క్షణంలో బటన్ నొక్కితే కెమెరా కదలదు, మెదలదు. ఫ్లాష్ ఛార్జ్ అవుతోంది! స్టాప్‌వాచ్ పెట్టి తర్వాత కొలిస్తే 6 సెకన్లు. పెళ్లిలో 6 సెకన్లు అంటే చాలా ఎక్కువ.

మరి కెమెరా ఎక్కడ గెలిచింది?

తలంబ్రాల్లో. ఫోన్‌లో తలంబ్రాలు తెల్లటి గీతల్లా వచ్చాయి, వాళ్ల చేతులు కూడా చెదిరిపోయాయి. కెమెరాలో మాత్రం బియ్యపు గింజ గింజా గాల్లో ఆగిపోయి ఉంది. అక్క నవ్వు ఉన్నది ఉన్నట్టు దొరికింది.

కారణం సీసీడీ కాదు, జెనాన్ ఫ్లాష్. ఫోన్‌లో ఉండే ఎల్ఈడీ ఒక చిన్న టార్చ్ లాంటిది. జెనాన్ ఫ్లాష్ అలా కాదు, కెపాసిటర్‌లో దాచుకున్న కరెంటునంతా సెకనులో సుమారు వెయ్యో వంతులో ఒక్కసారిగా వదిలేస్తుంది. ఆ వెలుగు ఉన్నంతసేపే ఫొటో పడుతుంది కాబట్టి కదలిక ఆగిపోతుంది. నన్ను 6 సెకన్లు ఆపింది కూడా ఆ కెపాసిటరే. ఇన్‌స్టాలో అందరూ "సీసీడీ మ్యాజిక్" అంటున్న లుక్‌లో పెద్ద వాటా ఈ ఫ్లాష్‌దే అని నా అభిప్రాయం. మూడు మీటర్లలోపు ఉంటేనే సుమా. అది దాటితే వెలుగు చాలదు.

రెండో గెలుపు పగటిపూట జూమ్. పొద్దున పెళ్లికొడుకుని చేసేటప్పుడు జనం వెనక నుంచి తీసినా ముఖం స్పష్టంగా వచ్చింది. టెలిఫొటో లెన్స్ లేని చెల్లి ఫోన్ డిజిటల్ జూమ్‌తో మసకబార్చేసింది.

20 మెగాపిక్సెల్స్ సంగతి

ఈ సెన్సర్‌లో 20 మెగాపిక్సెల్స్ ఇరికిస్తే ఒక్కో పిక్సెల్ 1.2 మైక్రాన్లు. ఎఫ్/6.4 దగ్గర డిఫ్రాక్షన్ వల్ల ఒక కాంతి బిందువు సుమారు 8.5 మైక్రాన్ల చుక్కగా పరుచుకుంటుంది. అంటే ఆ ఒక్క చుక్క అడ్డంగా ఏడు పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. ఇక ఎన్ని పిక్సెళ్లు ఉంటే ఏం లాభం? సైజ్ సెట్టింగ్‌లో 10 మెగాపిక్సెల్స్ పెట్టేసుకోండి. 12 బై 9 అంగుళాల ప్రింటుకి కూడా సరిపోతుంది, కార్డులో చోటూ మిగులుతుంది.

డబ్బులిచ్చే ముందు చేయాల్సిన 5 టెస్టులు

1. న్యూస్‌పేపర్ టెస్ట్: తెలుగు పేపర్ గోడకి అంటించి, ఐఎస్‌ఓ 100లో ఒకటి, 800లో ఒకటి తీయండి. ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో పెద్దది చేసి ఒత్తులు చూడండి. నాయిస్ తగ్గించే ప్రాసెసింగ్ ముందుగా మింగేది వాటినే. మూలల్లో అక్షరాలు కూడా చూడండి.

2. తెల్లగోడ టెస్ట్: ఫుల్ జూమ్‌లో తెల్లగోడని తీయండి. నల్లటి మచ్చలు కనిపిస్తే లోపల దుమ్ము చేరినట్టే. లెన్స్ ఊడదీసే వీలు లేదు కాబట్టి క్లీనింగ్ కష్టం.

3. ఫ్లాష్ టెస్ట్: ఒకటి కొట్టి, రెండోది ఎప్పుడు పడుతుందో స్టాప్‌వాచ్‌తో కొలవండి. బ్యాటరీ ముసలిదైతే ఇక్కడే బయటపడుతుంది.

4. బటన్ టెస్ట్: నేరుగా నొక్కితే ఎంతసేపటికి ఫొటో పడుతుంది? సగం నొక్కి ఫోకస్ చేసుకుని, తర్వాత పూర్తిగా నొక్కితే ఎంత? ఈ సగం నొక్కుడు అలవాటు చేసుకుంటే చాలా క్షణాలు దక్కుతాయి.

5. లెన్స్ టెస్ట్: పదిసార్లు ఆన్, ఆఫ్ చేయండి. కరకర శబ్దం వచ్చినా, మధ్యలో ఆగినా వదిలేయండి. ఆ మోడల్‌కి బ్యాటరీ ఇంకా దొరుకుతోందో లేదో కూడా చూసుకోండి.

ఫైనల్‌గా: కొనాలా, వద్దా?

మీ దగ్గర మంచి ఫోన్ ఉంది, దానికి బదులుగా ఇది కావాలంటే వద్దు. రాత్రి, చీకట్లో దూరం, ఫ్లాష్ వాడకూడని చోటు, ఈ మూడింట్లోనూ ఫోనే గెలుస్తుంది. ఫోన్ జేబులోనే ఉంచుకుని, దగ్గరగా ఉన్న మనుషుల్ని ఫ్లాష్‌తో, పగలు దూరంగా ఉన్నవాళ్లని జూమ్‌తో తియ్యాలనుకుంటే సంతోషంగా కొనండి. కెమెరాని స్పెక్ షీట్ చూసి కాదు, మీకు కావాల్సిన పది ఫొటోల్లో ఎన్ని తెచ్చిపెడుతుందో చూసి కొలవండి.

చెల్లి ఈ అయిదు టెస్టులూ రాసుకుని ఆ ఏడు వేల కెమెరా దగ్గరికి వెళ్లింది. తెల్లగోడ మీద రెండు మచ్చలు, ఫ్లాష్‌కి ఫ్లాష్‌కి మధ్య 11 సెకన్లు. వదిలేసి వచ్చింది. డబ్బులు ఇంకా తన అకౌంట్లోనే ఉన్నాయి, వెతుకులాటా ఆగలేదు. నిన్న ఇంకొకాయనకి ఫోన్ చేసి అడుగుతుంటే విన్నాను: "ఫ్లాష్ ఎన్ని సెకన్లకి ఛార్జ్ అవుతుందండీ?"