రోడ్డు మీద బ్రేకుల పరీక్ష

కారు బ్రేకుల్లో తేడా వచ్చిందనిపిస్తే చాలామంది ఖాళీ రోడ్డు చూసుకుని, వేగం పెంచి, ఒక్కసారిగా పెడల్ తొక్కి చూస్తారు. బండి ఆగితే బ్రేకులు బాగున్నట్టే అనుకుంటారు. ఇందులో ప్రమాదం ఎక్కువ, తెలిసేది తక్కువ. బ్రేకులు అసలు పడుతున్నాయా లేదా అన్నది బండి కదలకుండానే చాలావరకు తేలిపోతుంది. రోడ్డు మీద తేల్చుకోవాల్సింది లోపం ఏ చక్రం దగ్గరుంది, ఎంత వేగంలో, ఎంత వేడెక్కాక బయటపడుతోంది అన్నది.

అందుకే పరీక్ష ఇంటి ముందే మొదలవ్వాలి. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కొంత దిగడం మామూలే. కింది గీత కూడా దాటిపోయినా, పోసిన ఆయిల్ మళ్లీ తగ్గుతున్నా ఎక్కడో కారుతోందన్నమాట. చక్రాల లోపలి వైపు తడి ఉందేమో వంగి చూడాలి. టైర్లలో గాలి సరిచూడాలి. ముందు రెండు టైర్లలో గాలి సమానంగా లేకపోతే బండి పక్కకు లాగుతుంది, నింద మాత్రం బ్రేకుల మీద పడుతుంది.

తరువాత పెడల్. ఇంజను ఆపి నాలుగైదు సార్లు తొక్కితే బూస్టర్‌లోని వాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. కాలు తీయకుండా ఇంజను స్టార్ట్ చేస్తే అది కొద్దిగా దిగాలి. దిగలేదంటే బూస్టర్‌నో, దానికి వచ్చే గొట్టాన్నో అనుమానించాలి. అలాగే అర నిమిషం నొక్కి ఉంచినప్పుడు పెడల్ మెల్లగా కిందికి జారిపోతూ, బయట ఎక్కడా ఆయిల్ కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు పోయి ఉండవచ్చు. పెడల్ మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు కొడితేనే పైకి వస్తుంటే పైపుల్లో గాలి చేరినట్టు. షెడ్డులో ‘ఎయిర్ పట్టింది’ అనేది దీన్నే. వెనక డ్రమ్ములున్న కార్లలో లైనర్ల సర్దుబాటు తప్పినా పెడల్ రెండో తొక్కుడుకు పైకి వస్తుంది. పెడల్ జారుతున్నా, ఆయిల్ కారుతున్నా, హ్యాండ్‌బ్రేక్ దించాక కూడా ఎర్ర లైటు ఆరకపోయినా ఆ బండిని రోడ్డెక్కించకూడదు. టో చేయించి షెడ్డుకు పంపడమే.

పరీక్షకు పొడిగా, చదునుగా, నేరుగా ఉన్న రోడ్డు కావాలి. ఊరి శివార్లలో ప్లాట్లు వేసి ఇళ్లు ఇంకా లేవని లేఅవుట్ రోడ్లు ఇందుకు బాగా పనికొస్తాయి, కుక్కలూ గేదెలూ అడ్డం రాకపోతే. ఇసుక పేరుకున్న రోడ్డు, కోతల కాలంలో వడ్లు ఆరబోసిన రోడ్డు పనికిరావు. సీటు మీద, డిక్కీలో దొర్లే సామాను ముందే తీసేయాలి. వెనక వచ్చే బండ్లను గమనించడానికి పక్కన మరొకరుంటే మంచిది. మొదట 10, 15 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసి, బండి ఆగుతోందని నమ్మకం కుదిరాక 30కి, ఆపైన 50కి వెళ్లాలి. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. 40లో బ్రేకు పడ్డాక సుమారు 9 మీటర్లలో ఆగే కారుకు 80లో దాదాపు 35 మీటర్లు కావాలి. లోపాలు చాలావరకు 50, 60 లోపే దొరుకుతాయి గనక అంతకు మించి పోవడం అనవసరం.

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ‘బ్రేకు కొడితే పక్కకు లాగుతోంది’ అని. ముందు బ్రేకు వేయకుండా కొంతదూరం నడిపి చూడాలి. మన రోడ్లు ఎడమ అంచుకు కొంత వాలుగా ఉంటాయి కాబట్టి బండి అటు కాస్త జరగడం సహజం. స్టీరింగ్‌ను వదలకుండా, పట్టు మాత్రం సడలించి బ్రేకు వేసినప్పుడు అదనంగా ఎంత లాగుతోందన్నదే లెక్క. ఎడమకు లాగితే ఎడమ బ్రేకు చెడిందని తొందరపడకూడదు. బండి గట్టిగా పట్టిన చక్రం వైపు తిరుగుతుంది. అందువల్ల చాలాసార్లు తప్పు కుడి వైపుదే: కాలిపర్ పిస్టన్ బిగుసుకుని ఉంటుంది, లేదా ప్యాడ్‌కు గ్రీజు అంటి ఉంటుంది. పెడల్ వదిలేశాక కూడా కాసేపు లాగుతూనే ఉంటే, లాగుతున్న వైపు కాలిపర్ వెనక్కి రావడం లేదన్నమాట. చక్రం దగ్గరి రబ్బరు గొట్టం లోపల ఉబ్బి పూడుకుపోయినా ఇలాగే అవుతుంది. పైకి చూస్తే గొట్టం కొత్తదానిలాగే ఉంటుంది. లాగడంతో పాటు కింద ‘టక్’మని శబ్దం వస్తే బ్రేకుల కన్నా ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడాలి.

అదురు మరో ఫిర్యాదు. బ్రేకు వేసినప్పుడే స్టీరింగ్ అదిరితే ముందు డిస్కులు, సీటు అదిరితే వెనక చక్రాలు అని స్థూలంగా చెప్పవచ్చు. ఖాయం చేసుకోవడానికి, వెనక ఎవరూ లేనప్పుడు 30 వేగంలో హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని లివర్‌ను కొద్దికొద్దిగా ఎత్తాలి. అప్పుడూ అదిరితే దోషం వెనకదే. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ బ్రేకుల మీద ఈ ప్రయోగం చేయకూడదు. ‘డిస్కు వంగింది’ అన్నమాట తరచు వినిపిస్తుంది గానీ, ఎక్కువసార్లు అది వంగి ఉండదు. దాని మందం చుట్టూ ఒకేలా ఉండదు. వెంట్రుక మందం పాటి తేడా కూడా అక్కర్లేదు, పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. అయితే గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే గరగరమంటూ పెడల్ కొట్టుకుంటే అది ఏబీఎస్ తన పని తాను చేయడం.

ఏబీఎస్ లేని పాత కార్లలో గట్టి బ్రేకుకు వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి గిర్రున తిరుగుతుంది. ఆ సూచన కనిపించగానే పరీక్ష ఆపేయాలి. కీచుమనే శబ్దం ప్యాడ్లు అరిగాయని చెప్పే రేకుది కావచ్చు. ఇనుము రాసుకున్నట్టు కర్రుమంటే మాత్రం ప్యాడ్ అయిపోయినట్టే.

చివరగా వేడి. బ్రేకు తక్కువగా వాడుతూ 8, 10 కిలోమీటర్లు తిరిగి వచ్చి, ఒక్కో చక్రం దగ్గర అరచేయి పెట్టి చూడాలి, డిస్కును తాకకుండా. ముందు రెండింటిలో ఒకటి మాత్రమే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు వదలడం లేదు.

ఒక్క లోపం మాత్రం ఈ పరీక్షలకు చిక్కదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్-3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లు దిగుతూ పైగేరులో బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ నేలకు అంటుతుంది. చల్లారాక అంతా మామూలే, షెడ్డులో ఏమీ కనిపించదు. దీన్ని ఘాట్ మీద పరీక్షించి చూడకూడదు. రెండేళ్లు దాటిన ఆయిల్‌ను మార్పించి, దిగేటప్పుడు చిన్న గేరు వాడాలి.

మరమ్మతు అయ్యాక కూడా పరీక్ష మొదటి నుంచీ చేయాలి. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్లను వెనక్కి నెడతారు. పెడల్ గట్టిపడే దాకా కొట్టకుండా బండి కదిలిస్తే మొదటి బ్రేకు అందదు; షెడ్డు గేటు దగ్గరే గోడకు గుద్దిన బండ్లున్నాయి.