స్నేహితుడికి రాస్తే సాహిత్యం కాదా?

1831లో కోస్తా దారి వెంట ఓ పల్లకీ నెల్లూరు మీదుగా మద్రాసుకు వెళ్లింది. అందులో ఉన్నది ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో ఇల్లు వదిలి కడప, హైదరాబాదు, నాగపూర్ల మీదుగా కాశీ చేరుకున్నారు. కలకత్తా, పూరీ చూసుకుని సముద్రతీరం పట్టుకుని తిరిగొచ్చారు. మొత్తం పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం!

ఆ పదిహేను నెలలూ ఆయన రాస్తూనే ఉన్నారు. ఏ ఊళ్లో మజిలీ చేశారు, దిగడానికి చోటు ఎలా ఉంది, నీళ్లు మంచివేనా, బజారులో ఏం దొరుకుతాయి, దారి ఎలా ఉంది... ఇవీ సంగతులు. రాసినవాటిని మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి పంపేవారు. హిందుస్తానీ, ఇంగ్లీషు, అరవం మాటలు కలగలిసిన వాడుక తెలుగు. పద్యం లేదు, సమాసాల ఆర్భాటం లేదు.

ఇప్పుడైతే ఆ పనిని బ్లాగు రాయడం అనేవాళ్లం.

తెలుగులో బ్లాగులు 2005, 2006 ప్రాంతాల్లో ఊపందుకున్నాయి. కంప్యూటర్లో యూనికోడ్ తెలుగు కుదురుకోవడంతో అమెరికాలో ఉన్నవాళ్లూ, హైదరాబాదులో ఉన్నవాళ్లూ తమ ఊరు, చెరువు, అమ్మమ్మ చేతి పులుసు తలుచుకుంటూ రాసుకున్నారు. సాహిత్య సభల్లో పెద్దలు కొందరు మొహం చిట్లించారు. ఎవరు పడితే వారు రాసి, వారే అచ్చేసుకుంటే దిద్దేవాడెవడు? వద్దు అనేవాడెవడు?

ప్రశ్న సబబైనదే. ఏం రాసినా కింద నలుగురు స్నేహితులు ‘సూపర్’ అంటుంటే రెండోసారి చదువుకుని దిద్దుకునే ఓపిక ఎవరికుంటుంది? చాలా బ్లాగులు అలాగే పాడయ్యాయి. పొద్దున తాగిన కాఫీ గురించి నాలుగు పేజీలు... తాగినవాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు.

అలాగని సొంత ఇంటి ముచ్చట సాహిత్యం కాకుండా పోదు. సాక్ష్యం నెల్లూరు జిల్లాలోనే ఉంది. కావలిలో పెరిగిన మహమ్మద్ ఖదీర్ బాబు రాసిన ‘దర్గామిట్ట కతలు’, ‘పోలేరమ్మ బండ కతలు’ తీసుకోండి. రాజులు లేరు, సాహసాలు లేవు. ఓ పేద ముస్లిం ఇల్లు, వీధి, బడి, పిల్లాడి అల్లరి. ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అదే నెల్లూరు యాస. అవి కథలా, జ్ఞాపకాలా అని పాఠకులు తూకం వేస్తూ కూర్చోలేదు. చదువుకున్నారు. కావలి ఎన్నడూ చూడనివాళ్లు కూడా అది తమ వీధే అనుకున్నారు. నా మటుకు నాకు తేడా తెలిసేది అక్కడే. రాసినవాడెవరో తెలియని మనిషి కూడా పుస్తకం కింద పెట్టకుండా చదివాడా లేదా? అది కాగితం మీద వచ్చిందా, తెర మీద వచ్చిందా అన్నది తర్వాతి మాట.

1989 నవంబరులో థాయిలాండ్ వైపు నుంచి వచ్చిన ‘గే’ తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. గాలి వేగం, కూలిన స్తంభాలు రికార్డుల్లోకి ఎక్కాయి. ఆ రాత్రి ఇళ్లల్లో ఎలా గడిచిందో మాత్రం రికార్డుల్లో ఉండదు. చాన్నాళ్ల కిందట ఓ బ్లాగులో చదివాను. పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే వాళ్లమ్మ పిల్లల్ని మంచం కిందకు తోసి, పొదిగే కోడిని గంప కింద పెట్టి, గంప మీద తనే కూర్చుందట తెల్లారేదాకా. పొద్దున చూస్తే గోడ మీద ఉప్పు. గుడ్లు మాత్రం పగల్లేదు.

ఇది సాహిత్యం కాదని నేను అనలేను.

వీరాస్వామి తన రాతల్ని పుస్తకంగా చూసుకోలేదు. 1836లో కన్నుమూశారు. శ్రీనివాస పిళ్లై వచ్చిన కాగితాలన్నీ భద్రంగా దాచి, 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చు వేయించారు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ వెలువడడానికి పదిహేనేళ్ల ముందు మాట ఇది! మళ్లీ దిగవల్లి వేంకటశివరావు శ్రమపడి, వివరాలు చేర్చి 1941లో దాన్ని కొత్తగా తెచ్చారు. ఇవాళ తెలుగులో యాత్రాసాహిత్యం గురించి మాట్లాడే ఎవరైనా అక్కడి నుంచే మొదలుపెడతారు. మజిలీలు, దూరాలు, వంటచెరకు గురించి రాసిన విసుగు పేజీలు కూడా చరిత్రకారులకు బంగారమయ్యాయి.

బ్లాగులకు అలాంటి పిళ్లైలు ఎందరున్నారు? జియోసిటీస్ 2009లో, ఆర్కుట్ 2014లో, యాహూ గ్రూప్స్ 2020లో మూతపడ్డాయి. రాసేవాళ్లు చాలామంది ఫేస్‌బుక్కుకు వెళ్లిపోయారు. అక్కడ నిన్నటి మాట ఇవాళ వెతికినా దొరకదు.

ఇది రాసేముందు పాత డైరీలో రాసుకున్న బ్లాగుల చిరునామాలు ఒక్కొక్కటే కొట్టి చూశాను. సగానికి సగం తెరుచుకోలేదు. తుపాను రాత్రి గురించి రాసినది కూడా వాటిలోనే ఉంది. అప్పట్లో మా ఇంట్లో చదివి వినిపించడానికి తీసిన రెండు కాగితాల ప్రింటు మాత్రం సొరుగులో దొరికింది.

రాసినాయన పేరు ఆ కాగితాల మీద లేదు.