చార్మినార్ ముందు ఫైటు ఎక్కడ తీస్తారు?

జర్మనీలో ఆర్‌టీఎల్ చానెల్ 1996 మార్చిలో ఒక పోలీసు సీరియల్ మొదలుపెట్టింది. పేరు ‘అలార్మ్ ఫ్యూర్ కోబ్రా 11’. ఇద్దరు హైవే పోలీసులు, వాళ్లకో కారు, వారానికో నేరం. కథంటే చాలావరకు అంతే. కానీ ఎపిసోడ్ మొదలైన కాసేపటికే ఒక లారీ రోడ్డుకు అడ్డం తిరుగుతుంది. వెనకొచ్చే కార్లు వరసగా దాన్ని గుద్దుకుంటాయి. ఒకటి మాత్రం గాల్లోకి లేచి, రెండు పల్టీలు కొట్టి, మంటల్లో దిగుతుంది. లోపలున్న పోలీసు తలుపు తన్ని బయటపడి, దుమ్ము దులుపుకొని, ఇంకో కారు తీసుకుని వెంటపడతాడు. జర్మన్లు ఈ తమాషాను పాతికేళ్లకు పైగా చూశారు. వందకు పైగా దేశాలకు అమ్మారు.

జర్మనీలో నేరకథలకు కొదవేం లేదు. ‘టాటోర్ట్’ అనే సీరియల్ 1970 నుంచి ఆదివారం రాత్రి ఎనిమిదింబావుకు వస్తూనే ఉంది. ఒక్కో వారం ఒక్కో ఊరి డిటెక్టివ్‌ది వంతు. మామూలుగా అందులో శవం ఒకటి, మాటలు బోలెడు. ఆ సంప్రదాయంలోకి 2014లో హాంబర్గ్ కథ ఒకటి తుపాకులతో దూసుకొచ్చి పంతొమ్మిది మందిని చంపింది. ఆ ఏడాదే వచ్చిన మరో ఎపిసోడ్‌లో చావులు నలభై దాటాయి. చర్చ నడుస్తుందనుకుని కూర్చున్నవాళ్ల మీద కాల్పులు మొదలైతే ఎలా ఉంటుంది? కొందరికి పండగ, కొందరికి పరువు నష్టం. కోబ్రా 11కి ఆ మొహమాటం మొదటినుంచీ లేదు. అది బండ్లు పగలగొట్టడానికే పుట్టింది.

ఇంతకీ ఆ బండ్లను ఎక్కడ పగలగొడతారు? నిజమైన జర్మన్ హైవే ఆటోబాన్ మీద అసాధ్యం. అక్కడ చాలాచోట్ల వేగానికి పరిమితే లేదు, ఒక గంట ఆపినా కిలోమీటర్ల కొద్దీ వాహనాలు నిలిచిపోతాయి. అందుకని ఈ సీరియల్ తీసిన యాక్షన్ కాన్సెప్ట్ సంస్థ, కొలోన్‌కు పడమరగా ఆల్డెన్‌హోవెన్ దగ్గర షూటింగుల కోసమే ఒక హైవే ముక్క కట్టించుకుంది. అది ఎటూ పోని రోడ్డు. దాని మీద కార్లు తిరగబడటం తప్ప వేరే రాకపోకలు లేవు.

కర్నూలు నుంచి హైదరాబాద్ పాతబస్తీకి పారిపోయి వచ్చే కథ రాసుకున్నప్పుడు దర్శకుడు గుణశేఖర్‌కు సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. 2003 సంక్రాంతికి వచ్చిన ‘ఒక్కడు’లో మహేష్ బాబు పాతబస్తీ కబడ్డీ కుర్రాడు. అతని ఇల్లు చార్మినార్‌కు కూతవేటు దూరం. డాబా ఎక్కితే మినార్లు కనబడాలి, మెట్లు దిగితే గల్లీ, గల్లీ తిరిగితే బజారు. మరి 1591లో కులీ కుతుబ్ షా కట్టించిన ఆ కట్టడం చుట్టూ వారాల తరబడి ఫైట్లు తీయడం కుదిరే పనేనా? అది పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఒకవైపు లాడ్ బజార్ గాజుల కొట్లు, ఒకవైపు మక్కా మసీదు, ఒక మినార్‌ను ఆనుకుని భాగ్యలక్ష్మి గుడి, కాస్త ముందుకెళ్తే గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టీ. ఊరంతా ఆ నాలుగు దారుల్లోంచే పోవాలి. హీరోను చూడ్డానికి వచ్చే జనాన్ని ఆపడానికే ఒక పటాలం కావాలి.

నిర్మాత ఎం.ఎస్. రాజు గట్టివాడు. కళా దర్శకుడు అశోక్, హైదరాబాద్ శివార్లలో చార్మినార్‌నే దించేశాడు. కట్టడం ఒక్కటే కాదు, చుట్టూ వీధులు, కొట్లు, డాబాలు. ప్రేక్షకుడు చూసిన పాతబస్తీలో చాలా భాగం మూసీకి దక్షిణాన లేనే లేదు. కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర హీరో విలన్ ప్రకాష్ రాజ్‌కు ఎదురుపడే సన్నివేశం, ఆ తర్వాత వెంటపడటాలు, చివరికి చార్మినార్ నీడలో దాక్కోవడం: కథ మొత్తం రెండు ఊళ్ల గుర్తుల మధ్య పరుగు. ఆ గుర్తుల్లో ఒకటి ప్లైవుడ్డూ ప్లాస్టరూ అని ఎవరికీ అడ్డు రాలేదు. సినిమా ఆడింది. తమిళంలో ‘గిల్లి’ అయినప్పుడు కర్నూలు మదురై అయింది, హిందీలో ‘తేవర్’ అయినప్పుడు కథ ఉత్తరాదికి పోయింది. చార్మినార్ మాత్రం మన సినిమాలోనే మిగిలింది.

కోబ్రా 11 తెరకెక్కిన 1996లోనే హైదరాబాద్ అవతలి అంచున రామోజీ ఫిల్మ్ సిటీ తెరిచారు. అక్కడ రైల్వే స్టేషను, విమానాశ్రయం, ఆస్పత్రి అన్నీ షూటింగులకే. ఊరిని ఆపలేనివాడు ఊరినే కట్టుకుంటాడన్న లెక్క రెండుచోట్లా ఒకటే.

సొంత రోడ్డు ఉంటే సరిపోదు, కారు చెప్పిన చోట తిరగబడాలి. దీనికి పాత పద్ధతి ఏటవాలు ఇనుప గొట్టం. ఒక పక్క చక్రాలు దాని మీదికెక్కితే బండి ఒరిగి పల్టీ కొడుతుంది. కొన్ని కార్లు అలా మాట వినవు. 2006లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా ‘కసినో రాయల్’లో ఆస్టన్ మార్టిన్ కారు ర్యాంపు ఎక్కించినా పల్టీ కొట్టనంది. చివరికి కారు అడుగున గ్యాస్ పీడనంతో పనిచేసే ఫిరంగి బిగించారు. డ్రైవరు మీట నొక్కగానే అది నేలను తన్నింది. కారు ఏడు పల్టీలు కొట్టి గిన్నిస్‌కెక్కింది. మన ఫైట్ మాస్టర్లకూ ఇవన్నీ తెలిసిన విద్యలే. వాటితోపాటు రోపులు, అట్టపెట్టెల గుట్టలు, తల మీద పగిలే ఉత్తుత్తి సీసాలు. వీటిలో చాలా వాటికి విశాలమైన చోటు కావాలి. పాతబస్తీలో లేనిది అదే.

అందుకే ఆ గల్లీలకు సరిపోయే ఫైటు వేరే ఉంటుంది. 2019 మే 31న వచ్చిన ‘ఫలక్‌నుమా దాస్’ దాన్ని పట్టుకుంది. మలయాళంలో లిజో జోస్ పెల్లిసెరీ తీసిన ‘అంగమలి డైరీస్’కు ఇది రీమేక్. ఆ సినిమా చివర్లో పదకొండు నిమిషాల షాటు ఒకటుంది, మధ్యలో కట్ లేకుండా జాతర జనంలోంచి సాగిపోతుంది. విశ్వక్ సేన్ ఆ కథను మార్చి ఫలక్‌నుమా పోరగాళ్ల కథ చేశాడు, తనే దర్శకత్వం వహించి తనే నటించాడు. అక్కడి పంది మాంసం వ్యాపారం ఇక్కడ మటన్ కొట్టయింది. ఈ ఫైట్లలో కార్లు ఎగరవు. కుర్రాళ్లు తోసుకుంటారు, పడతారు, లేచి పరుగెత్తుతారు. కెమెరా వాళ్ల భుజాలకు తగులుతూ పోతుంది. కథలో తడబాట్లున్నాయి, బూతులు ఎక్కువయ్యాయని గొడవా జరిగింది. అయినా దెబ్బలాటకు ఊరి కొలత కుదిరింది. ‘ఒక్కడు’ సెట్‌కు ఉన్న వైభవం దీనికి లేదు. నా లెక్కలో పాతబస్తీని ఎక్కువ నమ్మించింది మాత్రం ఇదే.

రెండు నెలలు తిరక్కుండానే జూలై 18న ‘ఇస్మార్ట్ శంకర్’ దిగింది. దర్శకుడు పూరి జగన్నాథ్, హీరో రామ్‌కు పాతబస్తీ యాసా, తలలో ఒక చిప్పూ పెట్టాడు. చనిపోయిన పోలీసు జ్ఞాపకాలు కిరాయి హంతకుడి బుర్రలోకి ఎక్కుతాయి. తర్కం అడగకూడదు. ఫైట్లు మళ్లీ పెద్దవయ్యాయి. ఊరు కొలత నుంచి తప్పుకుని యాసలోకి సర్దుకుంది.

ఈ మూడు సినిమాల్లోనూ ఒక వెలితి ఉంది, దాన్ని కోబ్రా 11 పక్కన పెడితే బాగా కనిపిస్తుంది. ఆ జర్మన్ సీరియల్‌లో సెమిర్ గెర్‌ఖాన్ అనే పోలీసు టర్కీ మూలాలున్నవాడు. మొదటి ఏడాదిలోనే వచ్చాడు. పక్కనున్న భాగస్వాములు మారారు, కొందరు కథలో చచ్చిపోయారు. సెమిర్ మాత్రం పాతికేళ్లకు పైగా కదల్లేదు. ఆ పాత్ర వేసిన ఎర్దోగాన్ అటలాయ్ హనోవర్‌లో పుట్టినవాడు. జర్మనీలో టర్కీ వలస కుటుంబాల గురించి టీవీ చర్చలు ఎన్ని నడిచినా, వారం వారం కార్లు తగలబెట్టి దొంగను పట్టుకున్నది ఆ పేరున్నవాడే. అతని మతం ఏమిటన్నది కథను నడపలేదు, ఉద్యోగం నడిపింది.

తెలుగు తెర పాతబస్తీకి వెళ్లినప్పుడల్లా హీరో పేరు అజయ్, దాస్, శంకర్. చార్మినార్ చుట్టూ ఉండే ముస్లిం కుర్రాడికి ఎక్కువగా దక్కేది నవ్వించే స్నేహితుడి వేషం, లేకపోతే భాయ్ వేషం. ఇప్పుడు ఓటీటీల్లో తెలుగు నేర సీరియళ్లకు గిరాకీ బాగానే ఉంది, పోలీసు పాత్రలు వరసగా వస్తున్నాయి. మొఘల్‌పురాలోనో శాలిబండలోనో పుట్టి, దక్కనీలో తిట్టి తెలుగులో ఎఫ్ఐఆర్ రాసుకునే ఒక ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకుని పది ఎపిసోడ్లు నడపడానికి కొత్త చార్మినార్ కట్టనక్కర్లేదు, కార్లు ఎగరేయనక్కర్లేదు. అక్కడి గల్లీల్లో ఎలాగూ కారు తిరగదు. నేరస్తుడి వెంట అతను పరుగెత్తాల్సిందే.