వీధి బండికి పందెపు క్యాము

కాజీపేట రైలు కూడలిగా పెరిగిన ఊరు. 1929లో బల్హార్షా మార్గము పూర్తియై ఢిల్లీని మద్రాసుతో కలిపిన నాటినుండి యంత్రముల చప్పుడు ఈ ఊరి దినచర్యలో ఒక భాగమైనది. అట్టి ఊరి వీధిలో ఒక చిన్న కారు నిలిచిన చోటనే వణకుచు, ఆగి ఆగి కొట్టుకొనుచుండిన, దాని యజమాని గర్వింపవచ్చును గాని పాత మేస్త్రీ మాత్రము పెదవి విరుచును. కర్మాగారము అమర్చిన క్యామ్‌షాఫ్టును తీసి, పందెపు బండ్లకు తగిన దానిని వేసినారని ఆ చప్పుడే చెప్పును. ఇట్లు మార్చుకొన్నవారిలో కొందరు కొంతకాలమునకు విసిగి, మొదటి దానినే మరల వేయింపగోరుదురు. ఇది ఓటమియా, వివేకమా?

నాలుగు ఘట్టముల ఇంజనులో గాలిని పీల్చుట, అదుముట, మండించుట, పొగను వెడలగొట్టుట అను పనులు వరుసగా జరుగును. ఈ నాలుగింటికి క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరుగగా, క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టే తిరుగును. దానిపై కోడిగ్రుడ్డు ఆకారము గల మిట్టలుండును. ఒక్కొక్క మిట్ట తన వంతు రాగానే వాల్వును నొక్కి తెరచును. మిట్ట దాటగానే స్ప్రింగు దానిని మూయును. మిట్ట ఎత్తునుబట్టి వాల్వు ఎంత తెరచుకొనునో, దాని వెడల్పునుబట్టి ఎంతసేపు తెరచియుండునో తెలియును. పొగ వాల్వు మూతపడకముందే గాలి వాల్వు తెరచుకొనును. రెండును ఏకకాలమున తెరచియుండు ఆ స్వల్ప వ్యవధిలోనే ఇంజను స్వభావమంతయు ఇమిడియున్నది.

నిమిషమునకు ఆరేడు వేల చుట్లు తిరుగునప్పుడు, లోనికి పరుగెత్తు గాలికి ఒక వేగము ఏర్పడును. వాల్వు మరికొంతసేపు తెరచియున్నచో ఆ వేగముతోనే సిలిండరు బాగుగ నిండును. పందెపు క్యాము రహస్యమిదే. కాని హన్మకొండ రోడ్డుమీద బండి నడుచునది ఆ వేగమున కాదు. తక్కువ చుట్లలో గాలికి ఆ ఊపు ఉండదు. లోనికి వచ్చిన గాలి కొంత వెనుకకు మరలును. కాలిన పొగ కొంత క్రొత్త గాలితో కలియును. అందుచే నిలిచిన బండి వణకును, మెల్లగా కదలునప్పుడు లాగుడు తగ్గును, పెట్రోలు వృథాయగును. అంతకంటె చింతింపదగినది మరియొకటి కలదు. పెట్రోలు కారులో బ్రేకుకు తోడ్పడు శూన్యపీడనము సామాన్యముగా ఇంజను గాలిగొట్టము నుండియే లభించును. అది తగ్గినచో బ్రేకును మరింత బలముగా త్రొక్కవలసివచ్చును. పిల్లలు బడికి పోవు వీధిలో ఇది చిన్న సంగతి కాదు.

అట్లయిన క్యామును మార్చుటయే తప్పా? కాజీపేట డీజిల్ షెడ్డు ఎరిగిన ఇంజనులే దీనికి సమాధానము చెప్పును. పదహారు సిలిండర్ల డబ్ల్యు.డి.ఎం.2 ఇంజనుకు 2600 అశ్వశక్తి. దాని తరువాతి రూపమైన డబ్ల్యు.డి.ఎం.3ఎ కు 3100. ఆ అభివృద్ధిలో క్యాము కూడ మారినది. రెండు వాల్వులు కలిసి తెరచియుండు వ్యవధి 123 డిగ్రీలనుండి 140 డిగ్రీలకు పెరిగినది. ఐతే క్యాము ఒంటరిగా రాలేదు. మెరుగైన టర్బో, పెద్ద ఇంధన పంపులు, గాలిని చల్లార్చు పెద్ద కూలరు దాని వెంట వచ్చినవి. టర్బో ఒత్తిడితో నెట్టిన గాలి ఆ వ్యవధిలో సిలిండరును కడిగి చల్లార్చును. అచ్చట తోడు కుదిరినది గనుక మార్పు ఫలించినది. వీధి కారులో క్యామును మాత్రమే మార్చుట, కాడికి ఒకవైపు కోడెను, మరియొకవైపు ముసలి ఎద్దును కట్టినట్లగును.

వెనుకకు మరలుటకును క్రమము కావలెను. టైమింగు బెల్టును లేక చైనును విప్పకముందే గుర్తులను సరిచూడవలెను. అనేక ఇంజనులలో ఒక పన్ను తప్పినను పిస్టను వాల్వును కొట్టవచ్చును. పాత క్యాముతో అరిగిన ట్యాపెట్లను క్రొత్త క్యాము క్రింద ఉంచరాదు. పందెపు క్యాముకై గట్టి స్ప్రింగులు వేసియున్న, వానిని కూడ మార్చవలెను. మిట్టలకు చమురు పూసి, ఫీలరు గేజితో వాల్వు సందు కొలిచి, ఇంజనును చేతితో రెండు చుట్లు త్రిప్పి, ఎచ్చటను తగులుట లేదని నిశ్చయించుకొన్న పిమ్మటనే స్టార్టు చేయవలెను. కంప్యూటరులోని ఇంధన లెక్కలను మార్చియున్నచో వానిని కూడ పూర్వస్థితికి తేవలెను. లేనిచో దేహము మారి బుద్ధి మారనట్లగును.

చట్టము మాటయు కలదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. అదిగాక, పెట్రోలు బండ్ల పొగ పరీక్ష నిలిచియున్న ఇంజనుతోనే జరుగును. పందెపు క్యాము దోషము స్పష్టముగా బయటపడునదియు అప్పుడే.

కర్మాగారపు క్యామును గీసిన ఇంజనీరు బలమెరుగక తగ్గించినవాడు కాడు. వీధి వేగము, ఇంధనము, పొగ, యంత్రపు ఆయువు అన్నిటిని తూచి, దేనికి ఎంత ఇయ్యవలెనో నిర్ణయించినాడు. విద్యార్థి క్యామును విప్పి చూచుట మంచిదే. ఆ తూకమును గుర్తించి దానిని మరల బిగించుట చదువు ఫలించుట.